అరవై కంప్యూటర్లకు ఇంజిన్ ఎందుకు? పాడ్‌మన్ రిమోట్‌ను విడి ప్యాకేజీగా కట్టిన నా అనుభవం

2023 జూన్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కంటైనర్ల (ఒక ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి, మిగతా వ్యవస్థ నుంచి వేరుగా నడిపే పద్ధతి) పాఠం తొలిసారి మొదలైంది. ల్యాబు నిర్వహణ నా బాధ్యత. మొత్తం 60 కంప్యూటర్లు, అన్నింట్లోనూ ఉబుంటు 22.04, చాలావాటిలో 4 జీబీ మెమరీ. కంటైనర్లు నడిపే ఇంజిన్లలో డాకర్ వద్దు, పాడ్‌మన్ కావాలని పాఠం చెప్పే మేడమ్ అన్నారు. డాకర్‌ను మామూలుగా ఎక్కిస్తే రూట్ (యంత్రంపై పూర్తి అధికారం ఉన్న యూజర్) హక్కులతో ఒక డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాము) ఎప్పుడూ నడుస్తుంటుంది. దానికి ఆదేశాలు పంపే ద్వారమైన సాకెట్ చేతికందిన విద్యార్థికి ఆ కంప్యూటర్ మొత్తం చేతికందినట్టే. పాడ్‌మన్‌కు అలాంటి డీమన్ అక్కర్లేదు, ఎవరి లాగిన్‌తో వాళ్లు కంటైనర్లు నడుపుకోవచ్చు. నాకూ అదే సబబనిపించింది. 60 యంత్రాల్లోనూ ఆ ప్యాకేజీ ఎక్కించాను.

మొదటి ప్రాక్టికల్ రోజు ఒక్కరికీ ఇమేజ్ (కంటైనర్‌కు మూలమైన, పొరలు పొరలుగా ఉండే ఫైళ్ల మూట) దిగలేదు. డౌన్‌లోడ్ చివరిదాకా వచ్చి, పొరలు విప్పే చోట అనుమతి లేదంటూ ఆగిపోయేది. మూడు గంటల క్లాసులో రెండు గంటలు అలాగే పోయాయి. పిల్లలు స్క్రీన్ వంకా నా వంకా చూస్తూ కూర్చున్నారు. ఆ సాయంత్రం ల్యాబు తాళం వేయకుండా కూర్చుని కారణం వెతికాను.

కారణం మా హోమ్ ఫోల్డర్లలో ఉంది. విద్యార్థి ఏ సీట్లో కూర్చున్నా తన ఫైళ్లు తనకు కనిపించాలని మేము హోమ్ ఫోల్డర్లను ఒక స్టోరేజీ సర్వర్‌లో ఉంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) ద్వారా పంచుతాం. రూట్ లేకుండా నడిచే పాడ్‌మన్ తన ఇమేజ్‌లన్నీ హోమ్ ఫోల్డర్ లోపలే దాస్తుంది. ఒక ఇమేజ్‌లో చాలామంది యూజర్లకు చెందిన ఫైళ్లు ఉంటాయి. వాటికి యజమానులను కేటాయించడానికి పాడ్‌మన్ యూజర్ నేమ్‌స్పేస్ (యూజర్ ఐడీలకు విడి లెక్క ఇచ్చే కెర్నల్ ఏర్పాటు) వాడుకుంటుంది, అందుకు ఒక్కో విద్యార్థికి అదనపు ఐడీలు, మామూలుగా 65536, కేటాయించి ఉండాలి. మన యంత్రంలోని కెర్నల్‌కు ఈ ఏర్పాటు తెలుసు. అవతలి ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు తెలియదు. ‘ఈ ఫైలును ఫలానా ఐడీ పేరున మార్చు’ అని అడిగితే, ‘అడగడానికి నీకు హక్కు లేదు’ అని తిప్పి పంపేస్తుంది. అది పాడ్‌మన్ లోపం కాదు, ఎన్‌ఎఫ్‌ఎస్ లోపమూ కాదు. ఆ రెండింటినీ ఒకచోట పెట్టింది మేము.

ఇమేజ్‌లు దాచే చోటును స్థానిక డిస్కుకు మార్చి ఒక వారం నడిపాం. పని జరిగింది కానీ విద్యార్థి సీటు మారితే అతని ఇమేజ్‌లు పాత సీట్లోనే ఉండిపోయేవి. మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి. 60 మంది ఒకే ఇంటర్నెట్ లైనుపై ఒకే పైథాన్ ఇమేజ్‌ను ఒకేసారి దించుకుంటుంటే ఆఫీసులో ఫీజు రసీదులు కూడా ఆగిపోయాయి. ఇక దారి ఒకటే కనిపించింది. మా దగ్గర 128 జీబీ మెమరీ ఉన్న సర్వర్ ఒకటి ఉంది. కంటైనర్లు దానిపై నడవాలి, ల్యాబు యంత్రాలు దానికి ఆదేశాలు పంపితే చాలు.

పాడ్‌మన్‌లో ఆ వీలు ఉంది. డీమన్ లేని పరికరమే అయినా, కోరుకుంటే ఒక సాకెట్ తెరిచి దాని మీద ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు ఆదేశాలు పంపే మార్గం) అందిస్తుంది. 2020లో వచ్చిన 2.0 నుంచి అది రెస్ట్ (వెబ్ తరహా అభ్యర్థనల) పద్ధతిలో ఉంది. మ్యాక్, విండోస్ వాళ్లు వాడే పాడ్‌మన్ కమాండు నిజానికి ఈ ఏపీఐకి ఆదేశాలు పంపే రిమోట్ క్లయింటే, కంటైనర్లు వెనకాల ఒక లినక్స్ వర్చువల్ యంత్రంలో నడుస్తాయి. లినక్స్‌లో మామూలు పాడ్‌మన్‌కే ‘--రిమోట్’ అని జోడిస్తే ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా అవతలి సాకెట్‌తో మాట్లాడుతుంది. సర్వర్‌లో ప్రతి విద్యార్థికీ లాగిన్ ఇచ్చాను, ఐడీలు కేటాయించాను, వాళ్ల పేరున సాకెట్ తెరిచాను. మా లాగిన్లు ఎల్‌డ్యాప్ అనే ఉమ్మడి జాబితా నుంచి వస్తాయి కాబట్టి ఆ కేటాయింపు దానంతటదే జరగదు, చిన్న స్క్రిప్టు రాయాల్సి వచ్చింది. విద్యార్థి లాగవుట్ కాగానే అతని సాకెట్, కంటైనర్లు మూతబడకుండా ‘లింగర్’ అమరిక కూడా పెట్టాను. రెండో వారం క్లాసు సజావుగా జరిగింది.

నేను అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ అనుభవం రాయాల్సిన పని ఉండేది కాదు.

మూడో వారంలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, “సార్, నాకు మళ్లీ ఆ పాత తప్పే వస్తోంది” అంది. వెళ్లి చూస్తే ‘--రిమోట్’ అని కొట్టడం మరిచిపోయింది. అది లేకపోతే పాడ్‌మన్ మౌనంగా ఆ యంత్రం మీదే కంటైనర్ నడపబోతుంది, మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎస్ గోడకు తగులుతుంది. ఆ గంటలో అదే తప్పు పదిమందికి పైగా చేశారు. తప్పు వాళ్లది కాదు. నడపలేని ఇంజిన్‌ను వాళ్ల ముందు పెట్టి, దాన్ని ముట్టుకోకండి అని ప్రతి కమాండుకూ గుర్తుచేయడం నేను చేసిన ఏర్పాటు.

అప్పుడు నా మనసులో ప్రశ్న మొలిచింది. ఈ 60 యంత్రాల్లో అసలు పాడ్‌మన్ ఎందుకుండాలి? సర్వర్‌తో మాట్లాడే భాగం మాత్రమే ఉంటే సరిపోదా?

అలాంటి భాగం ఉంది, దాని పేరు పాడ్‌మన్-రిమోట్. అదే మూలం (సోర్స్ కోడ్) నుంచి ‘రిమోట్’ అనే బిల్డ్ ట్యాగ్‌తో (ఏ భాగాలు చేర్చాలో చెప్పే గుర్తుతో) కడతారు. ఫెడోరా దీన్ని విడి ప్యాకేజీగా ఇస్తుంది. పాడ్‌మన్ ప్రాజెక్టు కూడా ప్రతి విడుదలతో పాటు లినక్స్ కోసం ఒక స్టాటిక్ (ఇతర లైబ్రరీలు అక్కర్లేని) ఫైలును అందిస్తుంది. ముందు ఆ సులువు దారే పట్టాను. 4.4 రిమోట్ ఫైలును దించి ఒక యంత్రంలో పెట్టాను. కమాండు కొట్టగానే ‘సర్వర్ ఏపీఐ మరీ పాతది’ అన్న అర్థంతో తప్పు చూపి ఆగిపోయింది. ఉబుంటు 22.04 ఇచ్చే పాడ్‌మన్ 3.4.4. నాలుగో తరం క్లయింటు మూడో తరం సర్వర్‌తో మాట్లాడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమ్ క్వాడ్‌లెట్ పాఠం కూడా చేర్చాలన్నారు. కంటైనర్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే వ్యవస్థ) సేవగా రాసుకునే ఆ పద్ధతి పాడ్‌మన్‌లోకి 4.4తోనే వచ్చింది. దాంతో సర్వర్ కోసం 4.4ను మూలం నుంచి మేమే కట్టి, డెబ్ (డెబియన్, ఉబుంటు వాడే రకం) ప్యాకేజీగా మా సొంత రిపాజిటరీలో పెట్టక తప్పలేదు. ప్యాకేజీ మాది అయ్యాక దాన్ని ఎక్కడ విడగొట్టాలన్న నిర్ణయమూ మాదే అయింది. అక్కడి నుంచి నెల రోజులు మా ముగ్గురి మధ్య వాదన నడిచింది. మూడో మనిషి నాతో పాటు ల్యాబు చూసే సహోద్యోగి. వయసులో నాకంటే చిన్నవాడైనా డెబియన్ ప్యాకేజీల విషయంలో నాకంటే అనుభవజ్ఞుడు.

అతను విడగొట్టడానికి ఒప్పుకోలేదు. అతని వాదన బలమైనది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. “సార్, మీ ఇబ్బంది ఫ్లాగ్ మరిచిపోవడం గురించే కదా. కంటైనర్ హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే పాడ్‌మన్ తనంతట తానే రిమోట్‌గా మారిపోతుంది. లేదంటే కంటైనర్స్ కాన్ఫ్ ఫైల్లో ఒక్క లైను రాస్తే చాలు. ఒక్క లైనుతో పోయేదానికి కొత్త ప్యాకేజీ ఎందుకు? ప్యాకేజీ పుట్టించడం ఒక రోజు పని, పోషించడం ఏళ్ల తరబడి పని. ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కూ కట్టాలి, ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ పరీక్షించాలి, మ్యాన్ పేజీలు (కమాండ్ల సహాయ పేజీలు) ఎటు పోతాయో చూసుకోవాలి. ఎవరు చేస్తారు? మీరూ నేనూ తప్ప ఇంకెవరున్నారు?”

అతను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మర్నాడు అతను చెప్పినట్టే ఒక వరుసలోని పది యంత్రాల్లో వేరియబుల్ పెట్టి చూశాను. మామూలు టెర్మినల్లో బాగానే పనిచేసింది. కోడ్ ఎడిటర్ లోపల తెరిచిన టెర్మినల్లో ఒకసారి ఉండేది, ఒకసారి ఉండేది కాదు. సుడో వెనకాల అసలే ఉండేది కాదు. కాన్ఫిగరేషన్ ఫైలు మార్గం ఇంతకంటే గట్టిది, దానితో విద్యార్థుల ఇబ్బంది నిజంగానే తీరింది.

కానీ ఆ పది యంత్రాలను పరీక్షిస్తూ ఇంతకుముందు పట్టించుకోని ఇంకో సంగతి చూశాను. ఒక్క పాడ్‌మన్ కోసం ఒక్కో యంత్రంలో ఏమేమి వచ్చి చేరాయో వరుసగా రాసుకున్నాను. కంటైనర్‌ను కనిపెట్టి ఉండే కాన్‌మన్, దాన్ని పుట్టించే క్రన్, నెట్‌వర్క్ కోసం సీఎన్‌ఐ ప్లగిన్లు, స్లిర్ప్4నెట్‌ఎన్‌ఎస్, పొరల కోసం ఫ్యూజ్-ఓవర్‌లేఎఫ్‌ఎస్, ఇనిట్ కోసం కటటోనిట్, ఐడీల కోసం యూఐడీమ్యాప్. చివరిదాన్ని మళ్లీ చదవండి. అందులోని న్యూయూఐడీమ్యాప్, న్యూజీఐడీమ్యాప్ అనే రెండు ప్రోగ్రాములూ ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ఫైళ్లు. ఏ కంటైనరూ నడవని 60 యంత్రాల్లో ఏ పనీ లేకుండా అవి కూర్చున్నాయి.

ఇంకొకటి నేరుగా మా చేతి తప్పు. మేము కట్టి ల్యాబు యంత్రాల్లోనూ ఎక్కించిన పాడ్‌మన్ ప్యాకేజీలో సిస్టమ్‌డీ యూనిట్లు కూడా ఉన్నాయి. డెబియన్ కుటుంబంలో ప్యాకేజీ ఎక్కగానే దాని సేవలు మొదలయ్యే ఆనవాయితీ ఉంది, ప్యాకేజీ కట్టే పనిముట్లు వద్దంటే తప్ప అలాగే చేస్తాయి. మేము వద్దని చెప్పలేదు. ఫలితంగా ల్యాబులోని ప్రతి యంత్రంలోనూ రూట్ పేరున పాడ్‌మన్ సాకెట్ ఒకటి తెరుచుకుని ఉంది. దాని అనుమతులు రూట్‌కే పరిమితం కాబట్టి ప్రమాదం జరగలేదు. డాకర్ వద్దనుకున్నదే అలాంటి సాకెట్ ఉండకూడదని కదా, మళ్లీ దాన్నే మా చేతులతో 60 చోట్ల పెట్టాం. ఆ జాబితా అతని ముందు పెట్టాను. చాలాసేపు చూసి, “ఇది ఒక్క లైనుతో పోదు” అన్నాడు.

మేడమ్ వేరే వైపు నుంచి అడిగారు. “అసలు రిమోట్ క్లయింటే ఎందుకండీ? పిల్లలు సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి అక్కడే పాడ్‌మన్ వాడుకోవచ్చు కదా?” ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. సగం సందర్భాల్లో అదే సరైన జవాబు. మాకు కుదరనిది ఒకటే, పిల్లల కోడ్ వాళ్ల హోమ్ ఫోల్డర్లో, వాళ్ల ఎడిటర్లో ఉంది. సర్వర్‌కు ఆ హోమ్ ఫోల్డర్లను ఇవ్వడం మాకు ఇష్టం లేదు, ఇస్తే మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎస్ చిక్కే. రిమోట్ క్లయింటు అయితే బిల్డ్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను తానే మూటగట్టి సర్వర్‌కు పంపుతుంది.

డాకర్ క్లయింటును పాడ్‌మన్ సర్వర్‌కు తగిలించడమూ ఆలోచించాం. పాడ్‌మన్ ఏపీఐలో డాకర్‌కు సరిపోయే భాగం ఒకటుంది. డాకర్ సంస్థ తన క్లయింటును ఇంజిన్ నుంచి విడగొట్టి ప్రత్యేక ప్యాకేజీగా ఇవ్వడం 2018లోనే, 18.09తో మొదలుపెట్టింది. అంటే మేము తలపట్టుకున్న ప్రశ్నకు వాళ్లు అప్పటికే ఒక జవాబు చెప్పేశారు. అయితే పాడ్‌మన్‌లో పాడ్‌లు (కలిసి నడిచే కంటైనర్ల గుంపులు) ఉన్నాయి, పాఠంలోనూ అవి ఉన్నాయి, డాకర్ క్లయింటుకు అవి తెలియవు. ఆ దారి మూసేశాం.

చివరికి మిగిలింది స్టాటిక్ ఫైలును అన్ని యంత్రాల్లోకీ కాపీ చేయడం. దీనికి నేనే ఒప్పుకోలేదు. ప్యాకేజీ వ్యవస్థకు తెలియకుండా పెట్టిన ఫైలు ఎవరికీ లెక్క తెలియని అప్పులాంటిది. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు అలా వదిలేసిన ప్రోగ్రాములను ఒక్కో యంత్రంలో వెతికి తీయడానికి వేసవి సెలవుల్లో సగం పట్టింది.

కాబట్టి విడగొట్టాలనే నిర్ణయించాం. కట్టడం ఊహించినంత కష్టం కాలేదు, కొన్ని చోట్ల ఆనందంగా కూడా ఉంది. అసలు పాడ్‌మన్ కట్టాలంటే జీపీజీఎంఈ, సెక్‌కాంప్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, సిస్టమ్‌డీ లైబ్రరీల హెడర్ ఫైళ్లన్నీ కావాలి. రిమోట్‌కు ప్రాజెక్టు మేక్‌ఫైల్లోనే వేరే ట్యాగ్‌లు రాసిపెట్టారు. స్టోరేజీ డ్రైవర్లను పక్కన పెట్టేసి, సంతకాల పనికి జీపీజీఎంఈ బదులు గో భాషలోనే రాసిన ఓపెన్‌పీజీపీని వాడతాయి. సీగో (గో ప్రోగ్రాములో సీ కోడ్‌ను కలిపే ఏర్పాటు) ఆపేసి కట్టవచ్చు. కట్టాక ఎల్‌డీడీ అనే పనిముట్టుతో అడిగితే ఇది వేరే ఏ లైబ్రరీ మీదా ఆధారపడదని చెప్పింది. మా కంట్రోల్ ఫైల్లో ‘ఆధారాలు’ అన్న వరుస దాదాపు ఖాళీగా ఉండటం చూసి నా సహోద్యోగి మొదటిసారి నవ్వాడు. ఆర్మ్ ప్రాసెసర్‌కు కూడా అదే యంత్రం మీద ఒక్క మార్పుతో కట్టగలిగాం. రాస్ప్‌బెర్రీ పై మీద ప్రాజెక్టు చేస్తున్న ఇద్దరు పిల్లలు ఆ వారమే వాడటం మొదలుపెట్టారు.

ఫైలు పరిమాణం మాత్రం నన్ను నిరాశపరిచింది. తేలికైన క్లయింటు అంటే నాలుగైదు మెగాబైట్లుంటుందని మనసులో అనుకున్నాను. గో ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీలన్నీ తనలోనే మోసుకొస్తుంది, రిమోట్ కూడా పదుల మెగాబైట్లే అయింది. ‘తేలిక’ అన్న మాటను మెగాబైట్లలో కొలిస్తే ఈ విభజనకు అర్థమే లేదు. సెట్‌యూఐడీ ఫైళ్లు లేవు, సాకెట్లు లేవు, ఐడీల కేటాయింపు లేదు, నెట్‌వర్క్ ప్లగిన్లు లేవు. నా లెక్కలో తేలిక అంటే అది. ప్యాకేజీ విడగొట్టాలా వద్దా అని ఎవరైనా నన్ను అడిగితే, పరిమాణం చూడకండి, ఎక్కాక ఆ యంత్రంలో కొత్తగా ఏం పుట్టుకొస్తుందో చూడండి అంటాను.

పేరు దగ్గర రెండు రోజులు తేలలేదు. మ్యాక్‌లో లాగే క్లయింటుకు కూడా పాడ్‌మన్ అనే పేరు పెడదామని నేను, పుస్తకంలో ఉన్న కమాండు ఉన్నట్టే పనిచేస్తుందని మేడమ్. నా సహోద్యోగి ససేమిరా అన్నాడు. ఒకే దారిలో ఒకే పేరుతో రెండు ప్యాకేజీలు ఫైలు పెడితే అవి కలిసి ఉండలేవు, ఒకటి ఎక్కాలంటే మరొకటి దిగాలి. సర్వర్‌లో రెండూ కావాలి, ఎందుకంటే పాఠాన్ని ముందుగా పరీక్షించేది అక్కడే. అతని మాటే నెగ్గింది. ప్రోగ్రాము పేరు పాడ్‌మన్-రిమోట్‌గానే ఉంచి, ల్యాబు యంత్రాల్లో మాత్రం పాడ్‌మన్ అంటే అదే అని షెల్‌లో ఒక మారుపేరు పెట్టాం.

అంత జాగ్రత్త పడ్డా మొదటి ప్యాకేజీ సర్వర్‌లో ఎక్కలేదు. మ్యాన్ పేజీలన్నీ నేను రెండు ప్యాకేజీల్లోనూ పెట్టాను. ఈ ఫైలు ఇప్పటికే పాడ్‌మన్ ప్యాకేజీలో ఉంది, దాని మీద రాయను అని ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ మొండికేసింది. అది చేయాల్సిందీ అదే. పంచుకునే పేజీలను పాడ్‌మన్‌లోనే ఉంచి, రిమోట్‌కు దాని సొంత పేజీ, కమాండు పూరింపు ఫైలు మాత్రం ఇచ్చాను. ల్యాబు యంత్రంలో ‘పాడ్‌మన్ రన్’ మ్యాన్ పేజీ కోసం వెతికిన విద్యార్థికి అది దొరకదు. ఈ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. డాక్యుమెంట్ల కోసం మూడో ప్యాకేజీ కట్టవచ్చు, కానీ అక్కడ నేను ఆగాను.

వెర్షన్ల సంగతి ఒక్క నియమంతో తేల్చాం. రెండు ప్యాకేజీలూ ఒకే మూలం నుంచి, ఒకే ట్యాగ్ నుంచి, ఒకేసారి పుట్టాలి. ముందు సర్వర్ మారాలి, ఆ తర్వాతే క్లయింట్లు. వెర్షన్ అడిగితే పాడ్‌మన్-రిమోట్ తన సంఖ్యనూ సర్వర్ సంఖ్యనూ పక్కపక్కనే చూపిస్తుంది. సోమవారం ఉదయం నేను ల్యాబులో మొదట చూసేది అదే.

విడి క్లయింటు ఇచ్చాక కొత్తగా వచ్చిన ప్రశ్నలు కూడా చెప్పాలి, ఎందుకంటే దూరం అనేది ప్యాకేజీతో మాయమైపోదు. “సార్, నా ఫోల్డర్‌ను వాల్యూమ్‌గా పెట్టాను, లోపల ఖాళీగా ఉంది” అని ఒకరు. వాల్యూమ్ (కంటైనర్ లోపలికి తగిలించే ఫోల్డర్) దారి సర్వర్‌లోని దారి, మీ యంత్రంలోనిది కాదు. “8080లో పెట్టాను, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ తెరవడం లేదు” అని ఇంకొకరు. పోర్టు తెరుచుకుంది సర్వర్ మీద. పైగా 60 మందికీ ఆ సర్వర్ ఒక్కటే, 8080 ముందుగా అడిగినవాళ్లదే. ఒక్కో విద్యార్థికి రోల్ నంబరును బట్టి పది పోర్టులు కేటాయించి గోడ మీద పట్టిక అంటించాం. బిల్డ్ గంటసేపు కదలడం లేదని వచ్చిన అబ్బాయి ఫోల్డర్లో రెండు జీబీల వీడియో డేటా ఉంది, అదంతా సర్వర్‌కు పోతోంది. ఏ ఫైళ్లు పంపకూడదో చెప్పే ఇగ్నోర్ ఫైలు గురించి ఇప్పుడు మొదటి క్లాసులోనే చెబుతున్నాం. ఇవి ప్యాకేజీతో తీరే చిక్కులు కావు, అయినా ప్యాకేజీ కట్టిన మనిషి దగ్గరికే వస్తాయి. నా సహోద్యోగి ముందే హెచ్చరించిన పోషణ ఖర్చులో ఇది పెద్ద భాగం.

ఒక సలహాను మాత్రం గట్టిగా కాదన్నాను. రూట్ లేని పద్ధతిలో ప్రతి విద్యార్థికీ విడి నిల్వ ఉంటుంది కాబట్టి సర్వర్‌లో ఒకే ఇమేజ్ 60 సార్లు చేరుతోంది. డిస్కు నిండిపోతోందని, అందరికీ రూట్ సాకెట్ ఒకటే ఇచ్చేద్దామని పై నుంచి ఒక మాట వచ్చింది. రూట్ సాకెట్ అందినవాళ్లు సర్వర్ డిస్కు మొత్తాన్ని తమ కంటైనర్లో తగిలించుకోగలరు. పక్కవాడి ప్రాజెక్టు చదవగలరు, మార్చగలరు, చెరిపేయగలరు. డిస్కు చాలకపోతే డిస్కు కొందాం, పిల్లల పనికి ఉన్న కంచెను మాత్రం తీయను అని చెప్పాను. ఆ సమస్యకు మంచి పరిష్కారం వేరే దొరికింది. స్టోరేజీ కాన్ఫిగరేషన్లో అదనపు ఇమేజ్ నిల్వ అనే వీలుంది. అందరికీ కావలసిన ఇమేజ్‌లను చదవడానికి మాత్రమే వీలుగా ఒకచోట పెడితే, ప్రతి ఒక్కరూ వాటిని తమవిగానే వాడుకోవచ్చు. ఇంటర్నెట్ లైనుకూ అదే ఊరట.

పోషణ గురించి అతను చెప్పింది నిజమని ఆ తర్వాతి సంవత్సరంలో తెలిసింది. గో లైబ్రరీల్లో భద్రతా లోపం బయటపడితే మామూలు ప్రోగ్రాములకు లాగా లైబ్రరీ ఒక్కటి మారిస్తే చాలదు. లోపలికి కలిసిపోయింది కాబట్టి ప్రోగ్రామునే మళ్లీ కట్టాలి. మా పాడ్‌మన్ కట్టిన ప్రతిసారీ రిమోట్ కూడా కడతాం. విడగొట్టినందువల్ల ఆ పని రెట్టింపు కాలేదు, ఎందుకంటే మూలం ఒకటే, ఒకే బిల్డ్‌లో రెండూ వస్తాయి. పరీక్షలు మాత్రం రెట్టింపయ్యాయి. వాటిని ఇప్పుడు అతనే రాస్తున్నాడు. సర్వర్ లేనప్పుడు క్లయింటు ఏం చెబుతుంది, పాత సర్వర్ ఉంటే ఏం చెబుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ కీ తప్పయితే ఏం చెబుతుంది అని ఒక్కోదాన్నీ పరీక్షిస్తాడు. విద్యార్థి కళ్లతో ఆ తప్పుల సందేశాలు చదివి, అర్థం కానివాటికి మా సహాయ పేజీలో తెలుగులో వివరణ రాస్తాడు.

ఈ జనవరిలో పక్క విభాగం వాళ్లు తమ 40 యంత్రాలకూ ఇదే కావాలన్నారు. నేను రిపాజిటరీ చిరునామా ఇచ్చాను. గంటలోపే ఫోను వచ్చింది. “ప్యాకేజీ ఎక్కింది సార్, కానీ కంటైనర్ నడవడం లేదు. ఎక్కడికి కనెక్ట్ కావాలని అడుగుతోంది.” ప్యాకేజీ వివరణ తెరిచి చూశాను. కంటైనర్లను నిర్వహించే రిమోట్ క్లయింటు అని ఒక్క వాక్యమే ఉంది, మేము ముగ్గురమూ అది సరిపోతుందనుకున్నాం. ఆ సాయంత్రమే దాన్ని మార్చి కొత్త వెర్షన్ పంపాను. ఇప్పుడు అందులో మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ఈ ప్యాకేజీ మీ యంత్రంలో కంటైనర్లను నడపదు; పాడ్‌మన్ సాకెట్ తెరిచి ఉన్న మరో యంత్రం మీకు ఉండాలి, అక్కడ మీకు లాగిన్ ఉండాలి.’